పిన్ను దూరితే బొమ్మ వస్తుందా?

కొత్త ల్యాప్‌టాప్‌కి పాత మానిటర్, పాత టీవీకి కొత్త సెట్‌టాప్ బాక్సు, ఫోనుకి ప్రొజెక్టరు. వీటిని కలిపే కన్వర్టర్లు ఇప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో మొబైల్ షాపుల్లో కూడా దొరుకుతున్నాయి. కొన్నవాళ్లలో కొందరికి బొమ్మ వస్తుంది, కొందరికి రాదు, కొందరికి వచ్చి వచ్చి పోతుంది. రానివాళ్లు సరుకు మంచిది కాదని తిట్టుకుంటారు. చాలాసార్లు సరుకు మంచిదే, కొన్న రకమే వేరు. పిన్ను ఆకారం ఒక సంగతి, అందులో నడిచే సిగ్నల్ మరో సంగతి. ఆకారాన్ని మాత్రమే మార్చే ముక్క చవగ్గా వస్తుంది, రెండువైపులా పనిచేస్తుంది. సిగ్నల్‌ని మార్చేదానికి లోపల చిప్ ఉండాలి, ఆ చిప్‌కి కరెంటు కావాలి, పైగా అది ఒక దిశలోనే పనిచేస్తుంది. డిస్‌ప్లే కనెక్టర్ల గొడవలో మూడొంతులు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి. మిగతావి లేబుళ్ల మీద ఏమీ రాయకపోవడం వల్ల వస్తాయి.

నగరాల్లో ఆఫీసులు నాలుగైదేళ్లకోసారి సామాను మొత్తం మార్చేస్తాయి కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది అంతగా కనిపించదు. మన దగ్గర పాతది పారేయరు. పెద్ద కంప్యూటర్ పోయినా దాని మానిటర్ రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో సీసీ కెమెరాల తెరగా ఇంకో పదేళ్లు బతుకుతుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో పనిచేసే పిల్లలు కోవిడ్ కాలంలో ఇళ్లకు వచ్చి, హాల్లో ఉన్న టీవీనే రెండో మానిటర్ చేసుకున్నారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయల ప్యాకేజీతో పల్లెటూళ్లకు ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి తెచ్చింది. కొత్త బాక్సు వచ్చిందని ఎవరూ వెంటనే టీవీ మార్చలేదు. ఇలా నాలుగు తరాల సాకెట్లు ఒకే ఇంట్లో చేరాయి.

నాలుగు తరాలు

పెద్దది వీజీఏ. ఐబీఎం 1987లో తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. మూడు వరుసల్లో పదిహేను పిన్నులు, రెండు పక్కలా మరలు. ఇది అనలాగ్: ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల బలాన్ని వోల్టేజీ హెచ్చుతగ్గులుగా మోసుకెళుతుంది. అప్పటి గాజు పిక్చర్ ట్యూబులకు అదే కావాలి. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శామ్‌సంగ్, ఎల్‌జీ కలిసి 2015 నాటికి వీజీఏకి స్వస్తి చెబుతామని ప్రకటించాయి. కొత్త ల్యాప్‌టాప్‌ల వరకు మాట నిలిచింది. సీసీ కెమెరాల డీవీఆర్ డబ్బాల వెనక, కాలేజీ ప్రొజెక్టర్ల మీద వీజీఏ ఇంకా కనిపిస్తూనే ఉంది.

1999లో డీవీఐ వచ్చింది. ఎల్‌సీడీ తెరలకు అంకెల రూపంలోనే బొమ్మను పంపడం దీని ఉద్దేశం. ఇందులో ఉపకులాలున్నాయి. డీవీఐ-డీలో డిజిటల్ మాత్రమే ఉంటుంది, డీవీఐ-ఐలో డిజిటల్‌తో పాటు అనలాగ్ పిన్నులూ ఉంటాయి. 2002 చివర్లో హిటాచీ, పానసోనిక్, ఫిలిప్స్, సోనీ, తోషిబా వంటి టీవీ కంపెనీలు కలిసి హెచ్‌డీఎంఐని తెచ్చాయి. డీవీఐలో నడిచే సిగ్నల్‌నే తీసుకుని, దానికి శబ్దం కలిపి, 19 పిన్నుల చిన్న ప్లగ్గులో కూర్చారు. 2006లో కంప్యూటర్ కంపెనీల కూటమి వెసా డిస్‌ప్లేపోర్టును విడుదల చేసింది. దానికి 20 పిన్నులు, ఒక మూల కోసినట్టుండే ఆకారం. ఇందులో బొమ్మ పొట్లాలుగా విడిపోయి ప్రయాణిస్తుంది, కాబట్టి హెచ్‌డీఎంఐతో దీనికి పుట్టుకతో చుట్టరికం లేదు. 2014లో వచ్చిన యూఎస్‌బీ టైప్-సీ అసలు డిస్‌ప్లే కనెక్టరే కాదు. ఛార్జింగు, డేటా, కుదిరితే బొమ్మ అనే లెక్కన వచ్చిన 24 పిన్నుల సాకెట్ అది. ఆ ‘కుదిరితే’ అన్నదే ఇప్పటి తిప్పలకు మూలం.

ఏది ఊరికే కలుస్తుంది, ఏది కలవదు

ఈ చుట్టరికాలు తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి. హెచ్‌డీఎంఐకీ డీవీఐ-డీకీ మధ్య చిప్ అక్కర్లేదు. పిన్నుకి పిన్ను కలిపిన ఒట్టి తీగ చాలు, ఏ వైపు నుంచి ఏ వైపుకైనా నడుస్తుంది. మామూలు డీవీఐ 1920×1200 వరకు మోస్తుంది. శబ్దం మాత్రం విడిగా చూసుకోవాలి. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల కెమెరాల మీదుండే మినీ, మైక్రో హెచ్‌డీఎంఐలు కూడా ఆకారంలో చిన్నవే తప్ప సిగ్నల్‌లో వేరు కావు.

డీవీఐ-ఐ నుంచి వీజీఏకి కూడా చిప్ లేని ముక్క సరిపోతుంది, ఎందుకంటే ఆ సాకెట్లో అనలాగ్ పిన్నులు ముందే ఉన్నాయి. అదే ముక్క డీవీఐ-డీలో దూరదు. దూర్చడానికి పిన్నులు విరగ్గొట్టినా బొమ్మ రాదు. సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డులు కొనేవాళ్లకి ఇది పనికొచ్చే విషయం: 2016లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 10 వరుస కార్డుల్లో డీవీఐ ఉన్నా అనలాగ్ లేదు.

హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి వెళ్లాలంటే అంకెల్ని వోల్టేజీగా మార్చే చిప్ తప్పనిసరి. రెండు చివర్లా వేరే ప్లగ్గులున్న ఒట్టి తీగ ఎంత చవగ్గా వచ్చినా దండగే. చిప్ ఉన్నదైనా ఒకచోట పనిచేసి మరోచోట మొరాయిస్తుంది. కారణం కరెంటు. హెచ్‌డీఎంఐ సాకెట్లో 5 వోల్టుల పిన్ను ఒకటి ఉంటుంది. నిబంధన ప్రకారం దాన్నుంచి తప్పక అందాల్సింది 55 మిల్లీఆంపియర్లే. చాలా ల్యాప్‌టాప్‌లు అంతకన్నా ఎక్కువే ఇస్తాయి కాబట్టి కన్వర్టర్ నడుస్తుంది. సెట్‌టాప్ బాక్సో డీవీఆరో లెక్క ప్రకారమే ఇస్తే చిప్ తడబడుతుంది. అందుకే పక్కన చిన్న యూఎస్‌బీ పవర్ సాకెట్ ఉన్న కన్వర్టర్‌కి నలభై యాభై రూపాయలు ఎక్కువ పెట్టడం తెలివైన పని. శబ్దం కావాలంటే 3.5 మిల్లీమీటర్ల ఆడియో జాక్ ఉన్నది తీసుకోవాలి, వీజీఏలో శబ్దానికి చోటే లేదు.

బొమ్మ వచ్చి, సాగదీసినట్టో మసకగానో ఉంటే అనుమానించాల్సింది ఈడీఐడీని. తానెంత వెడల్పో, ఏ రిజల్యూషన్ తీసుకోగలదో మానిటర్ తనంతట తానే కంప్యూటర్‌కి చెప్పుకునే 128 బైట్ల సమాచారం అది. 1994 నుంచి ఉంది. నాసిరకం కన్వర్టర్లు ఆ కబురును సరిగా చేరవేయవు. కంప్యూటర్ ఏదో ఊహించుకుని పంపుతుంది. సెట్టింగుల్లో రిజల్యూషన్ చేత్తో మార్చి చూస్తే తరచు సర్దుకుంటుంది.

ఎటు నుంచి ఎటు

ఎక్కువ డబ్బు పోయేది దిశ దగ్గర. ఒక చివర డిస్‌ప్లేపోర్టు, మరో చివర హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్ మామూలుగా డిస్‌ప్లేపోర్టు ఉన్న కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ ఉన్న టీవీకే పనిచేస్తుంది. చాలా కంప్యూటర్ల డిస్‌ప్లేపోర్టు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి. అవసరమైతే తన పొట్లాల పద్ధతి వదిలి హెచ్‌డీఎంఐ పద్ధతిలో పంపగలనని దాని అర్థం. అలాంటి సాకెట్‌కి చవకైన కేబుల్ చాలు. హెచ్‌డీఎంఐ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి డిస్‌ప్లేపోర్టు మాత్రమే ఉన్న మానిటర్‌కి అదే కేబుల్ తిప్పి పెడితే తెర నల్లగానే ఉంటుంది. అందుకు చిప్పూ, విడిగా యూఎస్‌బీ కరెంటూ ఉన్న వేరే కన్వర్టర్ కావాలి. టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే అడాప్టర్‌దీ ఇదే వరస. లోపలి చిప్ డిస్‌ప్లేపోర్టు సిగ్నల్‌ని హెచ్‌డీఎంఐగా మారుస్తుంది, వెనక్కి మార్చదు.

పాత టీవీల వాళ్లకి ఈ దిశ గొడవ ఇంకా సూటిగా తగులుతుంది. ఎరుపు, తెలుపు, పసుపు ఏవీ పిన్నుల టీవీకి హెచ్‌డీఎంఐ బాక్సు తగిలించాలంటే హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కావాలి. ఏవీ మాత్రమే ఉన్న ఫ్రీ డిష్ బాక్సును హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న తెరకు కలపాలంటే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది కావాలి. రెండూ అరచేతిలో ఇమిడే ఒకేలాంటి చదరపు డబ్బాలు. తేడా పైన రాసిన అక్షరాల వరుసలోనే ఉంటుంది: ముందు రాసింది లోపలికి వచ్చేది, తర్వాత రాసింది బయటికి పోయేది. మొదటి రకంతో హైడెఫినిషన్ బొమ్మ మన పాత పాల్ టీవీ లెక్కకి, 576 గీతలకి దిగిపోతుంది. సినిమా చూడ్డానికి పరవాలేదు, ఎక్సెల్ షీట్ చదవడానికి పనికిరాదు. కొత్త టీవీల్లో ఏవీ ఉన్నా మూడు రంధ్రాలకు బదులు 3.5 మిల్లీమీటర్ల ఒక్క రంధ్రమే ఉంటుంది. దాని తోక కేబుల్లో ఉంగరాల వరుస కంపెనీకొక రకం. బొమ్మ రావాల్సిన చోట బుర్రుమని శబ్దం వస్తే పిన్నులు అటూ ఇటూ మార్చి చూడాలి. పసుపు పిన్ను పసుపులోనే పెట్టాలన్న నియమం ఇక్కడ చెల్లదు.

టైప్-సీ అనే చిక్కుముడి

ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ టైప్-సీ ఉంది కదా, టీవీకి ఎందుకు రాదు? దీనికి మూడు జవాబులున్నాయి. మొదటిది సాకెట్‌ది. టైప్-సీలోంచి బొమ్మ రావాలంటే ‘డిస్‌ప్లేపోర్టు ఆల్ట్ మోడ్’ అనే ఏర్పాటు లోపల ఉండాలి. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఇది లేదు, వాటి టైప్-సీ లోపల పాత యూఎస్‌బీ 2.0 మాత్రమే. శామ్‌సంగ్ ఎస్ వరుస పై తరగతి ఫోన్లలో, ఐఫోన్ 15 నుంచి వచ్చినవాటిలో ఉంది. లేని ఫోనుకి ఏ అడాప్టర్ పెట్టినా ఉపయోగం లేదు. ల్యాప్‌టాప్ అయితే సాకెట్ పక్కన డిస్‌ప్లేపోర్టు గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందా అని చూడాలి. గుర్తు లేకపోయినా ఉండే అవకాశం ఉంది, అప్పుడు మోడల్ నంబరుతో కంపెనీ వివరాల పట్టిక చూడక తప్పదు.

రెండో జవాబు కేబుల్‌ది. ఫోనుతో వచ్చే ఛార్జింగ్ తీగలో చాలాసార్లు వేగవంతమైన తీగల జతలే ఉండవు. రెండు చివరలా టైప్-సీ ఉన్నంత మాత్రాన అది బొమ్మను మోయదు.

మూడోది దారులది. టైప్-సీలో వేగంగా పరిగెత్తే దారులు నాలుగు. సఖినేటిపల్లి రేవులో పంటు మీదున్న చోటునే కార్లూ మోటారు సైకిళ్లూ పంచుకున్నట్టు, ఈ నాలుగింటినే బొమ్మా డేటా పంచుకోవాలి. యూఎస్‌బీ 3 సాకెట్లున్న హబ్ సాధారణంగా రెండు దారులు డేటాకిచ్చి, రెండే బొమ్మకి వదులుతుంది. ల్యాప్‌టాప్ పాత డిస్‌ప్లేపోర్టు 1.2 లెక్కది అయితే ఆ రెండు దారుల్లో సెకనుకు 8.64 గిగాబిట్ల అసలు సరుకు పడుతుంది. 4కె బొమ్మ సెకనుకు అరవై సార్లు మారాలంటే సుమారు 12.5 గిగాబిట్లు కావాలి. అందుకే ఆ హబ్‌లో 4కె టీవీ 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, మౌస్ కదిపితే బాణం గుర్తు ఎగిరెగిరి పడుతుంది. డిస్‌ప్లేపోర్టు 1.4 ఉన్న ల్యాప్‌టాప్‌లో అవే రెండు దారులు 12.96 గిగాబిట్లు మోస్తాయి, హబ్ కూడా అందుకు తగ్గదైతే 60 హెర్ట్జ్ వస్తుంది. ఇంట్లో ఉన్నది 1080 గీతల టీవీ అయితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, చవకైన హబ్బే చాలు.

యూఎస్‌బీ నుంచి బొమ్మ తీసే మరో మార్గం డిస్‌ప్లేలింక్. అది ఆల్ట్ మోడ్ లేని ల్యాప్‌టాప్‌లోనూ పనిచేస్తుంది, కానీ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఆఫీసు పనికి బాగుంటుంది, ఓటీటీ సినిమాలకు నప్పదు.

అనుమతి లేని బొమ్మ

డెస్క్‌టాప్ కనిపిస్తుంది, యూట్యూబ్ కనిపిస్తుంది, ఓటీటీలో సినిమా పెట్టగానే తెర నల్లబడి మాటలు మాత్రం వినిపిస్తాయి. ఇది కేబుల్ తప్పు కాదు. ఇంటెల్ రూపొందించిన హెచ్‌డీసీపీ అనే కాపలా పద్ధతి మధ్యలో అడ్డుపడింది. పంపే యంత్రం అందుకునే యంత్రాన్ని రహస్య తాళం అడుగుతుంది, సరైనది చూపకపోతే బొమ్మను ఆపేస్తుంది. వీజీఏలో ఆ తాళానికి చోటు లేదు కాబట్టి వీజీఏ కన్వర్టర్లతో ఈ ఇబ్బంది ఎక్కువ. 4కె సినిమాలకు హెచ్‌డీసీపీ 2.2 కావాలి, దారిలో ఉన్న ఒక్క పాత పరికరం చాలు కథ ఆగిపోవడానికి. కన్వర్టర్ తిరిగి ఇచ్చే ముందు మామూలు వీడియో ఒకటి ఆడించి చూస్తే లోపం సామానుదో కాపలాదో తేలిపోతుంది.

దూరం, ఉప్పుగాలి

ఇంట్లో మీటరున్నర కేబుల్‌తో పని జరిగిపోతుంది. కోనసీమలో అసలు పరీక్ష పెళ్లి మండపాల్లో, తిరునాళ్లలో. కెమెరా వేదిక మీద, ఎల్‌ఈడీ తెర జనం వెనక. రాగి హెచ్‌డీఎంఐ తీగ 1080 గీతల బొమ్మను పదీ పదిహేను మీటర్ల వరకు మోస్తుంది, 4కె 60 అయితే ఐదారు మీటర్లకే ఆయాసపడుతుంది. ఆపైన మూడు దారులు. వృత్తి కెమెరాల్లో ఉండే ఎస్‌డీఐ సిగ్నల్ ఒక మంచి కోయాక్సియల్ తీగ మీద వంద మీటర్ల దరిదాపుల దాకా వెళుతుంది, దాని బీఎన్‌సీ ప్లగ్గు తిప్పి బిగించేది కాబట్టి జనం కాళ్లకి తగిలినా ఊడదు. రెండోది, ఇంటర్నెట్‌కి వాడే క్యాట్-6 తీగ మీద హెచ్‌డీఎంఐని నడిపించే జత డబ్బాలు. మూడోది ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్. చూడ్డానికి మామూలుదే, కానీ దానికీ దిశ ఉంది: ‘సోర్స్’ అని రాసిన చివర కెమెరా వైపే ఉండాలి. చాలా ఎల్‌ఈడీ తెరల సెండింగ్ బాక్సుల్లో ఇప్పటికీ డీవీఐ సాకెట్ ఉంటుంది. పైన చెప్పిన చుట్టరికం అక్కడ అక్కరకొస్తుంది, హెచ్‌డీఎంఐ–డీవీఐ ముక్క ఒకటి సంచిలో ఉంటే చాలు.

కెమెరా ఒక కరెంటు లైను మీద, తెర జనరేటర్ మీద ఉన్నప్పుడు రెండు ఎర్తుల మధ్య వోల్టేజీ తేడా కేబుల్ గుండా పారి సాకెట్లను కాల్చేయగలదు. వీలైతే రెండింటికీ కరెంటు ఒకే చోటు నుంచి తీసుకోవాలి. లేదంటే ముందు కేబుల్ తగిలించి, ఆ తర్వాత యంత్రాలు ఆన్ చేయాలి.

సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలి, తేమ కలిసి పిన్నుల మీద తుప్పు పట్టిస్తాయి. బంగారు పూత ఉన్న ప్లగ్గుతో బొమ్మ నాణ్యత పెరుగుతుందనే ప్రచారం ఒట్టిది. డిజిటల్ బొమ్మ వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే చుక్కలు చుక్కలుగా మెరుస్తూ ఆగిపోతుంది. కానీ బంగారానికి తుప్పు పట్టదు కాబట్టి అంతర్వేది, ఓడలరేవు పక్క ఊళ్లలో ఆ పూత దాని ధరకు న్యాయం చేస్తుంది. వాడని సాకెట్లకు రబ్బరు మూతలు పెట్టడం ఇంకా చవకైన వైద్యం.

బడిలో తెర

నాడు–నేడు పథకం కింద 2023 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు అమర్చారు. వీటిలో ఆండ్రాయిడ్ లోపలే ఉంటుంది, కంప్యూటర్ లేకున్నా పాఠం నడుస్తుంది. మాస్టారు తన ల్యాప్‌టాప్ తగిలించినప్పుడే తమాషా మొదలవుతుంది: హెచ్‌డీఎంఐతో బొమ్మ వస్తుంది, తెర మీద వేలు పెడితే కదలదు. హెచ్‌డీఎంఐ బొమ్మను ఒకవైపే తీసుకెళుతుంది, వేలి కబురు వెనక్కి రావాలంటే టచ్ కోసం విడిగా యూఎస్‌బీ కేబుల్ కావాలి. టైప్-సీ సాకెట్ ఉన్న ప్యానెళ్లలో మాత్రం ఒక్క కేబుల్‌తోనే రెండు పనులూ అవుతాయి. ప్యానెల్‌తో పాటు ఈ యూఎస్‌బీ కేబుల్ కూడా బీరువాలో కాకుండా గోడ మీద వేలాడేలా చూస్తే చాలు.

తీగల బాధ లేకుండా గాల్లోంచి పంపే మిరాకాస్ట్, క్రోమ్‌కాస్ట్ ఉన్నాయి కదా అనేవాళ్లున్నారు. ఫొటోలు చూపడానికి అవి హాయి. కానీ గాల్లో వచ్చే బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, ప్రత్యక్ష ప్రసారానికి అది నప్పదు. పైగా కాస్టింగ్ యాప్‌లు చాలావరకు ఇంటర్నెట్ మీదే ఆధారపడతాయి. 2022 మే నెలాఖరులో జిల్లా పేరు మార్పు అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగింది. ఆ రోజుల్లో కూడా ల్యాప్‌టాప్‌లో ఉన్న పాఠాన్ని తెరకెక్కించడానికి తీగ ఒక్కటే చాలింది.

చెప్పాల్సింది ఎవరు

అన్నింటికీ ఒకే సాకెట్ వచ్చేస్తే ఈ బాధ పోతుందన్న ఆశ చాలామందిలో ఉంది. ఐరోపా కూటమి 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు టైప్-సీ తప్పనిసరి చేసింది. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా 2023 జనవరిలో టైప్-సీ ప్రమాణాన్ని ప్రకటించింది. ఇవి ఛార్జింగ్ కష్టం తీర్చేవి. బొమ్మ సంగతి వీటి పరిధిలో లేదు. నిజానికి ఒకే ఆకారం వచ్చాక చిక్కు పెరిగింది. వీజీఏకీ హెచ్‌డీఎంఐకీ తేడా కళ్లకు కనిపించేది, రెండు టైప్-సీల తేడా పుస్తకం తిరగేస్తేగాని తెలియదు. అదే జనవరిలో బీఐఎస్ మరో ప్రమాణం కూడా ప్రకటించింది: శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉన్న టీవీలకు. అలాంటి టీవీలు విరివిగా వస్తే ఫ్రీ డిష్ ఇళ్లలో బాక్సే అక్కర్లేదు, ఏవీ గొడవా ఉండదు. ఉన్న కనెక్టర్ల మీద కొత్తది చేర్చడం కన్నా, అవసరమైన కనెక్షన్లను తగ్గించడమే మేలైన మార్గమని ఇది చెబుతోంది.

కంపెనీల లేబుళ్లు కూడా సాయపడవు. కేబుళ్ల మీద హెచ్‌డీఎంఐ 2.0, 2.1 అని వెర్షన్ నంబర్లు వేయకూడదన్నది ఆ ప్రమాణం నడిపేవాళ్ల నియమమే. అయినా డబ్బాల మీద అవే పెద్దక్షరాలు. చూడాల్సినవి వేగపు పేర్లు: 4కె 60కి ‘ప్రీమియం హై స్పీడ్’, ఆపైన ‘అల్ట్రా హై స్పీడ్’. అసలువాటి మీద ఫోనుతో స్కాన్ చేసి చూసుకునే లేబుల్ ఉంటుంది.

కొనేవాళ్లు చేయగలిగింది చిన్నదే. కొట్టుకి వెళ్లేముందు రెండు యంత్రాల సాకెట్లనూ, వెనకున్న మోడల్ నంబర్లనూ ఫొటో తీసుకోవాలి. ‘దీన్ని దానికి కలపాలి’ అనకుండా, బొమ్మ ఎక్కడ పుట్టి ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి. ఎంత రిజల్యూషన్, ఎంత దూరం, శబ్దం కావాలా, ఓటీటీ చూడాలా అన్నవి తర్వాతి ప్రశ్నలు. అమ్మేవాళ్లు చేయాల్సింది ఇంకా చిన్నది: బిల్లు మీద కన్వర్టర్ అని మాత్రమే రాయకుండా ఏ సాకెట్ నుంచి ఏ సాకెట్‌కో, లోపల చిప్ ఉందో లేదో, విడిగా కరెంటు కావాలో వద్దో మూడు ముక్కలు రాయాలి. ఆ మూడూ రాసి ఉంటే, బొమ్మ రాలేదని సామాను పట్టుకొచ్చిన మనిషికీ కొట్టు యజమానికీ మధ్య వాదనకి చోటుండదు. బడులకీ ఆఫీసులకీ టోకున కొనే అధికారులు టెండరు కాగితాల్లో ఈ మూడు వివరాలూ అడిగితే, కంపెనీలు కూడా లేబుళ్ల మీద రాయడం నేర్చుకుంటాయి.